మాండవ్యుడి తీర్పు, అంగన్‌వాడీ గడప

మూడేళ్లు నిండినా నడవని పిల్లాడో, పిలిస్తే తల తిప్పని పిల్లో, ఒళ్లు బిగుసుకుపోయి ముద్ద మింగడానికి అవస్థపడే బిడ్డో ఒక ఇంట్లో ఉంటే, ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్ల నోట వినిపించే మాట మన ఊళ్లలో దాదాపు ఒకటే: ఏ జన్మలో చేసుకున్న కర్మో! ఆ మాటలో ద్వేషం ఉండదు, చాలాసార్లు జాలే ఉంటుంది. కానీ ఆ మాట అనేశాక ఆ బిడ్డ కోసం చేయాల్సింది ఇంకేమీ లేనట్టు అందరూ లేచి వెళ్లిపోతారు. అంగన్‌వాడీ రెండు వీధుల అవతలే ఉంటుంది. ఇరుగుపొరుగు పిల్లలు పొద్దున్నే అక్కడికి వెళ్తారు. ఈ బిడ్డ వాటా గుడ్లు, పాలు, బాలామృతం ఇంటికి వస్తాయి కానీ, బిడ్డ మాత్రం కేంద్రానికి వెళ్లడు. కర్మను నమ్మేవాళ్లకు ఆ నమ్మకం ఈ బిడ్డను ఇంట్లోనే ఉంచేసే అధికారం ఇస్తుందా? ఇవ్వదన్నదే నా వాదన. ఇవ్వకపోవడమే కాదు, కర్మ సిద్ధాంతాన్ని సగంలో వదిలేయకుండా చివరిదాకా అనుసరిస్తే, అది ఆ బిడ్డను అంగన్‌వాడీకి తీసుకెళ్లమనే చెబుతుంది. కర్మను నమ్మనివాళ్లకు ఈ చర్చ అవసరం లేకపోవచ్చు, వాళ్లకు రాజ్యాంగం చాలు. మన దగ్గర నమ్మేవాళ్లే ఎక్కువ. వాళ్లతో వాళ్ల నమ్మకం లోపలి నుంచే మాట్లాడాలి.

ముందు పరిస్థితి ఏమిటో చూద్దాం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, బడికి ముందు చదువు అనే ఆరు సేవలు అంగన్‌వాడీ ద్వారా అందాలన్నది దాని ఉద్దేశం. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ ఇవి అందాల్సిందేనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం అంగన్‌వాడీ భోజనాన్ని హక్కు చేసింది. అయితే చదువు విషయానికి వచ్చేసరికి చట్టం పట్టు సడలుతుంది. విద్యాహక్కు ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను ఏడు రకాల నుంచి ఇరవై ఒకటికి పెంచింది కానీ, అది హామీ ఇచ్చిన ఉచిత విద్య కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వారికే. ఆరేళ్లలోపు వారి విషయంలో రాజ్యాంగం 45వ అధికరణంలో ప్రభుత్వం ప్రయత్నించాలని మాత్రమే చెప్పింది. 2011 జనగణనలో ఆరేళ్ల వరకు వయసున్న పిల్లల్లో 20 లక్షల 42 వేల మందికి వైకల్యం ఉన్నట్టు నమోదైంది. ఆ వయసులో చాలా లోపాలు బయటపడవు కాబట్టి అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 24 కోట్ల మంది పిల్లలు వైకల్యంతో ఉన్నారని 2021లో యునిసెఫ్ లెక్కగట్టింది. పసితనంలో ఆటపాటల ద్వారా, పెద్దల పలకరింపుల ద్వారా అందాల్సిన ప్రేరణ దొరికే అవకాశం మిగతా పిల్లలతో పోలిస్తే వీరికి 24 శాతం తక్కువనీ, ఎదుగుదల కుంటుపడే ప్రమాదం 34 శాతం ఎక్కువనీ ఆ నివేదిక చెప్పింది. మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగే వయసు ఇదే, చట్టం అన్నిటికన్నా మెత్తగా మాట్లాడేదీ ఈ వయసు గురించే. చట్టం గట్టిగా లేనిచోట జనం నమ్మకమే తీర్పు చెబుతుంది. అందుకే ఈ సమస్యలో కర్మ ప్రస్తావన పక్కన పెట్టేది కాదు, నడిమధ్యన ఉన్నది.

కర్మ సిద్ధాంతం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో గుర్తు చేసుకోవాలి. లోకంలో ఒకడు సుఖంగా, మరొకడు బాధతో పుడుతున్నాడు. ఇద్దరినీ పుట్టించింది ఈశ్వరుడే అయితే ఆయనకు పక్షపాతం ఉన్నట్టా, దయ లేనట్టా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం ఈ ఆక్షేపణను నేరుగా ఎత్తుకుంటుంది. ఈశ్వరుడు జీవుల కర్మను అనుసరించి సృష్టిస్తాడు కాబట్టి ఆ దోషం ఆయనకు అంటదన్నది అక్కడి సమాధానం. శంకరుడి భాష్యం దీన్ని వర్షంతో పోల్చి వివరిస్తుంది: వాన అన్ని విత్తనాల మీదా ఒకేలా కురుస్తుంది, మొక్కల తేడా విత్తనాలది. ఈ జవాబు మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ అది దేవుడి మీద నింద పడకుండా చేసిన సమర్థన అన్నది స్పష్టం. పక్కింటి బిడ్డ పూర్వజన్మ ఫైలు తెరిచి చదివే అధికారం అది ఎవరికీ ఇవ్వలేదు. కర్మ నడక అంతుచిక్కనిదని గీత నాలుగో అధ్యాయం హెచ్చరిస్తుంది. బుద్ధుడైతే ఇంకా సూటిగా చెప్పాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే, పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు వంటి కారణాలను వరుసగా చెప్పి, కర్మను వాటిలో ఒకటిగా చేర్చాడు. అన్నిటికీ కర్మే కారణమనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. కర్మను నమ్మిన గొప్పవాళ్లే దాన్ని ఇంత జాగ్రత్తగా వాడారు.

అయినా ఈ చర్చను నిజంగా తేల్చేది మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ అని నా అభిప్రాయం. విదురుడి పుట్టుక చెప్పేటప్పుడు దాన్ని ముక్తసరిగా ముగించడం మనకు అలవాటు. మౌనవ్రతంలో ఉన్న ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచారు. వెంటపడి వచ్చిన రాజభటులు అడిగితే ముని పలకలేదు. దొంగలతో పాటు ఆయన్నీ పట్టుకెళ్లారు, రాజు కొరత వేయించాడు. శూలం మీద కూడా ఆయన ప్రాణం పోలేదు. తర్వాత ఆయన ధర్మదేవత దగ్గరికే వెళ్లి, ఏ పాపానికి ఈ ఫలమని నిలదీశాడు. చిన్నప్పుడు పురుగులను గడ్డిపోచతో గుచ్చావు, దాని ఫలం ఇదీ అన్నాడు ధర్ముడు. కర్మ సిద్ధాంతం ప్రకారం ఆ జవాబులో లోపం లేదు, చేసినదానికి చేసినట్టే తిరిగి వచ్చింది. కానీ మాండవ్యుడు దాన్ని ఒప్పుకోలేదు. ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని మండిపడ్డాడు. భూమ్మీద మనిషిగా పుట్టమని ధర్ముడినే శపించాడు. అంతటితో ఆగకుండా, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలు చేసిన పని పాపం కిందికి రాదని కొత్త కట్టుబాటు పెట్టాడు. ధర్ముడు విదురుడై పుట్టాడు. కథ మునిది గెలుపని చెబుతోంది, దేవతది తప్పని చెబుతోంది. పసితనం విషయానికి వచ్చేసరికి కర్మ లెక్క కూడా ధర్మం ముందు తలవంచాలని, లెక్క రాసేవాడే అతిగా పోతే శిక్షార్హుడని మన ఇతిహాసం తీర్పు ఇచ్చింది. అలాంటి తీర్పు ఉన్న సంప్రదాయంలో పెరిగినవాళ్లం, మూడేళ్ల బిడ్డను చూసి అనుభవించక తప్పదని ఎలా అనగలం?

దీనికి ఒక ఎదురుమాట ఉంది, అది బలమైనదే. మాండవ్యుడు మాట్లాడింది ఈ జన్మలోని బాల్యం గురించి. పుట్టుకతో వచ్చిన వైకల్యం గతజన్మలో పెద్దవాడిగా చేసిన పనికి ఫలం కావచ్చు కదా, అప్పుడా కట్టుబాటు ఎలా వర్తిస్తుంది? వాదన కోసం ఆ ఫలం నిజమేననుకుందాం. అప్పుడు కూడా మనకు మిగిలే ప్రశ్న ఆ బిడ్డ ఏం చేశాడన్నది కాదు, ఇప్పుడు మనం ఏం చేస్తున్నామన్నది. బిడ్డ కాలు వంకరగా ఉండటం ప్రారబ్ధం అనుకుంటే అనుకోండి. ఆ కాలుతో వచ్చిన బిడ్డను గడప దగ్గర ఆపడం ప్రారబ్ధం కాదు. అది ఆపినవాళ్లు ఈ రోజు చేస్తున్న కొత్త కర్మ, దాని ఫలం వాళ్ల ఖాతాలో పడుతుంది. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు విభాగాలు చేసి చెప్పే సంప్రదాయం మొదటి రెండింటి దగ్గరే ఆగిపోదు. ఆగామి అన్న మూడోది ఉన్నదే మనం చేతులు కట్టుకుని కూర్చోకుండా ఉండటానికి. వివేకానందుడి జీవితంలో దీనికి తిరుగులేని ఉదాహరణ ఉంది. 1897లో కలకత్తాలో గోసంరక్షణ సభ ప్రచారకుడొకరు ఆయన దగ్గరికి చందా కోసం వచ్చాడు. మధ్య భారతంలో కరువుతో లక్షలమంది చనిపోతున్నారు, వాళ్లకేం చేశారని వివేకానందుడు అడిగాడు. వాళ్లు తమ కర్మ వల్ల చనిపోయారని జవాబు వచ్చింది. అయితే గోవులు కూడా తమ కర్మ వల్లే కసాయి చేతికి పోతున్నాయి, వాటికోసం మాత్రం మనమెందుకు శ్రమపడాలని ఆయన తిరిగి అడిగాడు. కర్మను కారణంగా చూపి సాయం ఆపితే లోకంలో ఏ సాయానికీ చోటుండదు. జ్వరానికి మందు వేయకూడదు, మునిగేవాడికి చెయ్యి అందించకూడదు. తనకు ఇష్టమైన చోట శ్రమించి, ఇష్టం లేనిచోట కర్మ అనేవాడు సిద్ధాంతాన్ని కాదు, తన సౌకర్యాన్ని నమ్ముతున్నాడు.

విధి మార్చరానిదన్న మాటకు ఆయుర్వేదమే జవాబిచ్చింది. దైవం, పురుషకారం రెండూ కలిసి మనిషి ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తాయని, ఆయువు ముందే ఖాయమైతే మందులకూ మంత్రాలకూ పనేముందని చరకుడు విమానస్థానంలో వాదించాడు. నేటి వైద్యం ఆ వాదనకు కళ్లెదుట రుజువులు చూపిస్తోంది. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయకుండా పుట్టిన శిశువుకు తొలి రెండు వారాల్లోనే మాత్ర మొదలుపెడితే బుద్ధి మామూలుగా వికసిస్తుంది. నెలలు గడిచాక కనిపెడితే జరిగిన నష్టం పూడదు. బిడ్డ అదే, తల్లి అదే, పూర్వజన్మ ఉంటే అదీ అదే. మారిందల్లా మనం సమయానికి చూశామా లేదా అన్నదే. తల్లికి గర్భంలో తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, పుట్టు శుక్లాలు, గుండె లోపాలు రావచ్చు. ఆ టీకా మన దేశంలో 2017 నుంచి అందరు పిల్లలకూ ఇస్తున్నారు. గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకుందని తల్లిని ఏళ్ల తరబడి తిట్టిపోసిన మొర్రి, పసితనంలోనే చేసే శస్త్రచికిత్సతో సరవుతుంది. చెవుడును ఆరు నెలలలోపే గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లలకు, ఆ తర్వాత గుర్తించినవారికన్నా మాటలు ఎంతో మెరుగ్గా వచ్చాయని అమెరికాలోని కొలరాడోలో చేసిన అధ్యయనం 1998లో నిరూపించింది. మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షించాలి, లోపం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. బృందం చూసేది కేంద్రంలో ఉన్న పిల్లలను. కర్మ అని ఇంట్లో ఉంచేసిన బిడ్డ ఆ చూపుకే అందడు. ఆలస్యం వల్ల ముదిరిన లోపాన్ని చూపించి, చూశారా, రాసిపెట్టి ఉందని అనడం మాత్రం చాలా సులువు.

ఇది ఒక్క హిందువుల ప్రశ్నే కాదు. పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం చేసింది ఇతడా, ఇతడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని యేసు చెప్పిన ఘట్టం యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అయినా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆ ప్రశ్న ఇంకా తల్లిని వెంటాడుతూనే ఉంది. ఖురాన్ ఎనభయ్యో సూరా, పెద్దలతో మాట్లాడుతుండగా వచ్చిన అంధుడి పట్ల ముఖం చిట్లించినందుకు ప్రవక్తనే మందలిస్తుంది. ఆ అంధుడు, ఇబ్న్ ఉమ్మె మక్తూమ్, తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చేవారిలో ఒకడయ్యాడు. పెద్దమనుషుల సభలో చోటు ఎవరిదన్న ప్రశ్నకు ఆ గ్రంథం ఇచ్చిన జవాబు సందేహానికి తావివ్వదు.

ఇక దయగలవాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది. కర్మ మాట మేం అనం, అలాంటి పిల్లలకు నేర్పు తెలిసినవాళ్లు కావాలి, వాళ్లకు వేరే కేంద్రమే మేలు, పాతిక ముప్ఫై మంది పిల్లల మధ్య అంగన్‌వాడీ టీచరు ఏం చేయగలదు అంటారు. నేర్పు కావాలన్నది నిజం. తెలుగు రాష్ట్రాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడి ఫిజియోథెరపీ విలువైనదే. కానీ అది వారంలో ఏదో ఒక రోజు, మండల కేంద్రం దాకా ప్రయాణం చేస్తే దొరికేది. మాట, వరస, పంచుకోవడం, అలగడం, మళ్లీ కలవడం మూడేళ్ల బిడ్డ రోజూ సాటి పిల్లల మధ్యే నేర్చుకుంటాడు. పైగా అంగన్‌వాడీలో చేయాల్సినది మనం భయపడేంత పెద్దదేం కాదు. కాళ్లు బిగుసుకునే బిడ్డను రెండు గోడలూ వీపుకూ భుజాలకూ ఆనేలా గది మూలన కూర్చోబెట్టి, ముందు చిన్న పీట వేస్తే రెండు చేతులూ ఆటకు ఖాళీ అవుతాయి. సుద్దముక్కకు గుడ్డపేలిక చుట్టి లావు చేస్తే వేళ్లకు పట్టు దొరుకుతుంది. గుడ్డును పప్పన్నంలో మెత్తగా చిదిపి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలనివ్వకుండా చిన్న చిన్న ముద్దలు పెడితే పొలమారే ప్రమాదం తగ్గుతుంది. వినపడని పిల్లను టీచరు ముఖం మీద వెలుతురు పడే వైపు, ఎదురుగా కూర్చోబెట్టాలి. చేతులాడిస్తూ పాడే అభినయ గేయాలు అంగన్‌వాడీలో ఎలాగూ రోజూ ఉంటాయి, ఆ పిల్లకు అవే తొలి మాటలవుతాయి. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం వైకల్యమున్న పిల్లల కోసం అంగన్‌వాడీలకు విడిగా ఒక ప్రోటోకాల్ విడుదల చేసింది. ముందుగా గుర్తించడం, కేంద్రంలో కలుపుకోవడం, పైకి పంపడం అన్న దారి అందులో ఉంది. కాగితం మీద దారి ఉంది, నడవడానికి మనుషులు కావాలి.

ఆ మనుషుల సంగతి దాటవేస్తే ఈ వాదన అన్యాయమవుతుంది. అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వంట సరుకులు, బరువు ఎత్తు కొలతలు, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్, ఇళ్ల సందర్శన, పైగా సర్వేలు అన్నీ ఆమె మీదే. ఆయా పోస్టు ఖాళీగా ఉంటే ఊడ్చేదీ ఆమే. అలాంటి మనిషికి ఇంకో బాధ్యత అప్పగించి, చేయకపోతే ధర్మం తప్పిందనడం మనకు తగదు. బిడ్డను చేర్చుకోవడం ఊరందరి ధర్మం అయితే దాని ఖర్చు కూడా అందరిదే కావాలి. రెండో మనిషి, శిక్షణ, గడప దగ్గర వాలు, వాడగలిగే మరుగుదొడ్డి, వీటికి ప్రభుత్వం డబ్బు పెట్టాలి. మనం ఓటు అడిగేవాళ్లను వీటి గురించి అడగాలి. ఒక్కరి దయ మీద వందమంది ధర్మాన్ని మోపడం కూడా కర్మ అని తప్పుకోవడం లాంటిదే.

దయ గురించే ఇంకో మాట చెప్పాలి. పుట్టినరోజున వికలాంగ పిల్లల ఆశ్రమానికి వెళ్లి అన్నం పెట్టించడం, ఫొటో దిగడం మన దగ్గర బాగా పెరిగింది. ఆ అన్నం మంచిదే, పెట్టినవాళ్ల మనసూ మంచిదే కావచ్చు. కానీ అక్కడ బిడ్డ ఇంకొకరి పుణ్యానికి సాధనం మాత్రమే అవుతాడు. దేవుడి బిడ్డ అని పేరు పెట్టి ఎత్తులో కూర్చోబెట్టినా ఫలితం అంతే, ఆటలోకి ఎవరూ పిలవరు. దానం ఇచ్చేవాడి ఇష్టం, కూర్చునే చోటు మాత్రం బిడ్డ సొంతం. వనపర్వంలో అష్టావక్రుడి కథ ఈ తేడాను చక్కగా పట్టుకుంటుంది. ఎనిమిది వంకర్లు అతడి పాపఫలం కాదు. గర్భంలో ఉండగా తన పాఠంలో తప్పు పట్టాడని తండ్రి కహోడుడు కోపంతో పెట్టిన శాపం. పన్నెండేళ్ల ఆ బాలుడు జనకుడి యజ్ఞానికి వెళ్తే ద్వారపాలకుడు పిల్లలకు ప్రవేశం లేదని ఆపాడు. అతడు జాలి కోరలేదు, నన్ను పరీక్షించమన్నాడు. లోపలికి వెళ్లి, ఒకప్పుడు తన తండ్రిని వాదంలో ఓడించి నీళ్లపాలు చేసిన వంది అనే ఆస్థాన పండితుణ్ని ఓడించి, తండ్రిని తిరిగి తెచ్చుకున్నాడు. అంగాలు సరైనది ఆ తర్వాత, సమంగా నదిలో మునిగాక. సభలో చోటు దొరికినప్పుడు వంకర్లు వంకర్లుగానే ఉన్నాయి.

ఈ కథ ఒకచోట మనల్ని తప్పుదారి పట్టించే ప్రమాదమూ ఉంది. అష్టావక్రుడు మహా మేధావి, గెలిచాడు కాబట్టి చోటు దొరికిందని మనం పాఠం తీసుకుంటే, గెలవలేని పిల్లల గతేమిటి? కొందరు పిల్లలకు ఎంత త్వరగా సాయం అందినా మాటలు రాకపోవచ్చు, నడక రాకపోవచ్చు. తొలి ఏళ్లలో పెట్టిన ఖర్చు పెద్దయ్యాక రెట్టింపై తిరిగి వస్తుందన్న ఆర్థికవేత్తల మాట నిజమే అయినా, వాదనంతా దాని మీదే నిలబెడితే తిరిగి రాని చోట బిడ్డను బయటికి పంపవచ్చని ఒప్పుకున్నట్టే. బాగుపడతాడనే ఆశతో కాదు, ఊరి బిడ్డ కాబట్టి చేర్చుకోవాలి. బాగుపడితే అది మనందరి సంతోషం. మాటలు రాని బిడ్డ కూడా పాట మొదలవగానే నవ్వుతాడు, అన్నం వాసనకు అటు తిరుగుతాడు, పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి పట్టుకుంటాడు. ఆ పిల్ల కూడా నాలుగేళ్ల వయసులో, ఏ పుస్తకమూ నేర్పని చోట, మనుషులు ఇన్ని రకాలుగా ఉంటారని నేర్చుకుంటుంది. పెద్దయ్యాక ఎవరి కర్మ గురించీ తీర్పు చెప్పేముందు ఆమె ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మా పిల్లలు వీళ్లను చూసి వెనకబడతారని భయపడే తల్లిదండ్రులకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

పురాణ ప్రవచనం చెప్పేవాళ్లకు, ఆదివారం ప్రసంగించే పాస్టర్లకు, జుమా రోజున ఖుత్బా ఇచ్చే ఇమాములకు ఒక విన్నపం. మాండవ్యుడి కథనూ, యోహాను తొమ్మిదో అధ్యాయాన్నీ, ఎనభయ్యో సూరానూ ఒక్కసారి ఊళ్లో ఇళ్లకే పరిమితమైన పిల్లల పేరు చెప్పి వినిపించండి. ఒక టీచరు ఇంటింటికీ తిరిగి ఏడాదిలో ఒప్పించలేని తల్లిదండ్రులను మీ నోటి మాట ఒక్క పూటలో ఒప్పించగలదు. ఇది చదువుతున్నవారి వీధిలో అలాంటి బిడ్డ ఉంటే, రేపు పొద్దున ఆ తల్లితో పాటు అంగన్‌వాడీ దాకా నడవండి. పేరు రాయించడానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అక్కర్లేదు, బిడ్డకు ఆరేళ్లు నిండకపోతే చాలు.